బీడు అడ్డకర్రలు ఎవరు తీశారు

జూన్ 3

వాన మొదలైంది. సరిగ్గా నేను బట్టలు ఆరేసిన పావుగంటకి. తిట్టుకుంటూ అన్నీ లోపలికి లాక్కొచ్చి, తర్వాత గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను. ఈ మస్బాతే దీవి కొండల్లో యాభై ఆరేళ్ళుగా వానలు చూస్తున్నా మొదటి వానకి నాకింకా నవ్వొస్తుంది.

"యానో, వచ్చి చూడు, వానొచ్చింది," అని పిలిచాను.

"వినపడుతోందిలే," అన్నాడు నా మొగుడు మంచం మీంచి.

యానో కాలి పిండికట్టు తీసి ఇవాళ్టికి పదహారు రోజులు. ఎముక అతుక్కుంది, ఇక నడవడమే మందు, ఈ వానాకాలం అయ్యేలోగా నడవకపోతే ఆ కాలు జన్మంతా బిగుసుకుపోయి ఉంటుంది అని పట్నం డాక్టరు మా ఇద్దరి ముందూ చెప్పాడు. చంకకర్రలు కూడా ఇచ్చాడు. అవి గోడకి ఆనించిన చోటే ఉన్నాయి. నేను వాటిమీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాను.

నలభై ఏళ్ళు గుర్రమెక్కి పశువుల్ని తోలిన మనిషి వంటింటి మెట్ల మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఊళ్ళో మాత్రం గుర్రం విసిరేసిందని చెప్పాడు. నేనూ అదే చెప్పాను. అందులో నిజంగా అన్యాయం జరిగింది గుర్రానికే.

జూన్ 5

పశువుల ఆఫీసు నుంచి వచ్చే మిస్ అర్లీన్ ఇచ్చిన స్టైలో విత్తనాలు ఇవాళ వేడినీళ్ళలో వేశాను. పైతోలు గట్టిదట, అలా వెయ్యకపోతే సగం మొలవవట. ఇది చిక్కుడు, పెసర లాంటి పప్పుజాతి మొక్కే, కాకపోతే మనుషులకి కాదు, పశువులకి. ఎండల్లో కోగాన్ గడ్డి చీపురుపుల్లలైపోయినా ఇది పచ్చగా నిలబడుతుందట, పశువుకి కండ పట్టిస్తుందట.

మొన్న ఏప్రిల్లో మా ఆవు మొరెనా కొండ వాలులో పడిపోయింది. రోగం లేదు, రొష్టు లేదు, వట్టి ఆకలి. ఎముకల గూడు. మూడు రోజులు గోనెపట్టాలు కట్టి లేపాం, నాలుగోరోజు లేవలేదు. అప్పుడు ఒట్టేసుకున్నాను, వచ్చే ఎండాకాలానికి మిగిలిన పదకొండూ అలా పడకూడదని.

"అంత వేడిలో వేస్తే ఉడుకుతాయే ఓనీ, ఉప్పేసి కూరొండేసుకుందాం," అన్నాడు యానో.

"నువ్వొచ్చి చెయ్యి పెట్టి చూడు."

"లేవలేనుగా."

గిన్నె మంచం దగ్గరికే పట్టుకెళ్ళాను. వేలు పెట్టాడు. "కొంచెం చల్లారనీ," అన్నాడు పెద్దమనిషిలా. నిజమే, కొంచెం ఎక్కువ వేడే.

జూన్ 6

వాగు అవతల బీడంతా చల్లేశాను. చల్లేముందు పశువుల్ని వారంపాటు అందులోనే ఉంచి గడ్డి నేలమట్టంగా మేపించాను. చుట్టూ ముళ్ళతీగ ఉంది. ఇటువైపు మాత్రం రెండు గుంజల మధ్య మూడు వెదురు అడ్డకర్రలు, వాలు పైన అలాంటిదే ఇంకోటి. అవి జరిపితే దారి, వేస్తే గోడ. వేశాను.

మొలిచాక ఎనిమిది వారాలు పశువుల్ని రానివ్వకండి, వేళ్ళు నిలదొక్కుకోవాలి అంది మిస్ అర్లీన్. ఆ తర్వాత మేపుతూ ఉండాలి అంది. అప్పటి సంగతి అప్పుడు.

జూన్ 14

మొలిచాయి. వంగి చూస్తే తప్ప కనపడవు. నడుం పట్టేసింది. ఒక్కొక్క మొక్కకి మూడేసి ఆకులు. నేను వాటితో మాట్లాడాను, ఆ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

ఇంటికొచ్చి యానోకి ఒక మొక్క చూపించాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీనికోసమా చచ్చిపోతున్నావ్?" అన్నాడు. కానీ పారెయ్యలేదు. నీళ్ళ గ్లాసులో వేశాడు.

జూన్ 27

లేవలేదు.

జూలై 2

లేవలేదు. కిటికీ దగ్గరికి మంచం జరపమన్నాడు. జరిపాను. ఇప్పుడు అక్కడ్నుంచి నాకు పనులు చెబుతున్నాడు. ఆ దూడ కుంటుతోంది చూడు. ఆ తీగ వదులైంది చూడు. తెల్లారి లేస్తే రాజుగారి దర్బారు.

జూలై 11

ఇవాళ తాన్సియో కొబ్బరికల్లు పట్టుకొచ్చాడు. యానోతో కలిసి ముప్పై ఏళ్ళు ఒకే మందని తోలాడు, వీడికి తెలియని తిట్టు లేదు, రాని అబద్ధం లేదు. నవ్విద్దామని చాలా కష్టపడ్డాడు.

"లేవరా, గుర్రం నీకోసం ఏడుస్తోంది. తప్పు నాది కాదు మొర్రో అంటోంది."

యానో నవ్వలేదు. గోడవైపు తిరిగాడు. తాన్సియో వెళ్ళాక నేను కాలికి నూనె రాస్తుంటే మెల్లగా అన్నాడు: "పడ్డ ఆవుని మూడురోజులు లేపుతాం ఓనీ. ఆ తర్వాత వదిలేస్తాం. నువ్వెన్నాళ్ళు లేపుతావు?"

నూనె సీసా మూతపెట్టి, వాగు దాటి, బీడు మధ్యకి వెళ్ళి కూర్చుని ఏడ్చాను. నాకు ఈ మనిషి కావాలి. నోటి దురుసుతో, చుట్ట కంపుతో, అబద్ధాల గుర్రంతో సహా కావాలి. పదిమందిలో కుంటుతూ నడవాల్సొస్తుందని భయపడి మంచాన్నే పట్టుకుంటున్నాడు. నాకు తెలుసు. నాకు తెలుసని అతనికి తెలియదు.

ఆ కాలు అప్పుడే రెండోదానికంటే సన్నబడింది. కొలత పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు.

జూలై 12

స్టైలో జానెడు పెరిగింది.

ఆగస్టు 9

ఎనిమిది వారాలైంది. స్టైలో బానే ఉంది. అయితే కోగాన్ కూడా బానే ఉంది, దానికంటే బాగా ఉంది. ఇంకో వారం ఆగితే మంచిదనిపించింది. వేళ్ళు ఇంకా గట్టిపడాలి కదా.

"పశువుల్ని తోలవే లోపలికి," అన్నాడు యానో కిటికీలోంచి.

"మెత్తటి మొక్కలు. తొక్కేస్తాయి, పీక్కు తినేస్తాయి."

"తినవు."

"ఆవు నీకు చెప్పిందా?"

"నలభై ఏళ్ళు దాని వెనకాల తిరిగాను. నువ్వెప్పుడైనా అది మేస్తుంటే మూతి చూశావా? వానల్లో లేత గడ్డి ఉన్నంతసేపు గడ్డే కొరుకుతుంది. నీ మొక్క పక్కనుంచి నాలుక తప్పించి మరీ కొరుకుతుంది. ఎండలొచ్చి గడ్డి ముదిరాక అప్పుడు గుర్తొస్తుంది దానికి నీ మొక్క. ఇప్పుడు మూసిపెట్టావనుకో, గడ్డి పైకెళ్ళి గొడుగు పట్టేస్తుంది. కింద నీ మొక్క ఎండ చూడక చస్తుంది."

"మంచాన పడుకుని అన్నీ తెలుసు నీకు."

అనకుండా ఉండాల్సింది. కానీ అతను మాత్రం? నేను రెండునెలలు నడుం విరగ్గొట్టుకుని పెంచుకున్నదాన్ని మందకి అప్పజెప్పమంటాడు. ఏదీ బతికి బట్టకట్టడం ఇష్టంలేదు ఈయనకి.

ఆగస్టు 13

కొడవలి పట్టుకుని గడ్డి నేనే కోస్తున్నాను. మొక్కకీ మొక్కకీ మధ్య. కోగాన్ ఆకు అంచు చేతుల్ని గీరేసింది.

తాన్సియో దారినపోతూ ఆగి చూశాడు. "పదకొండు నోళ్ళు బయట ఊరికే నిలబడి ఉంటే నువ్వెందుకు మనాయ్ గడ్డి కోస్తావ్?" అన్నాడు. నాకంటే మూడేళ్ళు పెద్దవాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు, అదొక వెటకారం.

"నీ పని చూసుకో," అన్నాను. నాలుగు రోజులు కోస్తే చేటంత జాగా అయింది. అప్పటికి మొదట కోసిన చోట మళ్ళీ లేచింది.

ఆగస్టు 17

ఎవడో అడ్డకర్రలు తీశాడు.

పొద్దున్నే మొక్కజొన్న పొత్తులు అమ్ముదామని మిలాగ్రోస్ సంతకి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి పదకొండూ నా బీడులో. తోకలూపుకుంటూ. మూడు కర్రలూ పక్కకి జరిపి, వరసగా, ఎంతో పద్ధతిగా పేర్చి ఉన్నాయి. చేతికి దొరికిన కొమ్మ పట్టుకుని అరుస్తూ పరిగెత్తాను, మొత్తం మందని బయటికి తోలేసరికి ఊపిరాడలేదు.

ఇంటికొచ్చి యానోకి చెబితే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "అయ్యో," అన్నాడు. అంతే. ఒక్క అయ్యో.

మంచం కింద చాప తడిగా ఉంది. కప్పు కారుతోందన్నమాట. అదొకటి తక్కువైంది. తాన్సియోని పిలిపించి నిపా ఆకు మార్పించాలి. తాన్సియోని. ఎవరి పనో తెలియడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు.

ఆగస్టు 18

తాన్సియో వచ్చాడు. కప్పు ఎక్కకముందే కడిగేశాను.

"కర్రలు ఎందుకు తీశావ్?"

"ఏ కర్రలు?"

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే మనాయ్. నిన్నంతా సమాధుల దగ్గర గోడ కడుతున్నాను, ఫాదర్‌ని అడుగు."

ఫాదర్‌ని సాక్ష్యం పెట్టేవాడు ఎప్పుడూ అబద్ధాలకోరే. కప్పెక్కి, అటూ ఇటూ పాకి, దిగొచ్చాడు. "ఆకు గట్టిగా ఉంది. ఇంకో రెండేళ్ళు చుక్క కారదు," అన్నాడు.

"మరి చాప ఎలా తడిసింది?"

తాన్సియో చాపకేసి చూశాడు. యానోకేసి చూశాడు. యానో కిటికీలోంచి ఆకాశంకేసి చూశాడు. తాన్సియోకి దగ్గొచ్చింది, చాలాసేపు దగ్గాడు. కల్లు తగ్గించమని చెప్పాను.

ఆగస్టు 19

బీడంతా తిరిగి చూశాను. గడ్డి మోకాలి కిందకి దిగింది. స్టైలో అక్కడక్కడా తొక్కుడు పడింది గానీ కొరికిన మొక్కలు వెతికితే పదో పదిహేనో. వాటికి టైం చాలలేదు, అందుకే. ఇంకో గంట ఆలస్యమైతే నున్నగా నాకేసేవి.

కర్రలు మళ్ళీ వేశాను. తాడుతో కూడా కట్టాను.

ఆగస్టు 30

మళ్ళీ. తాడు కొయ్యలేదు, విప్పారు. పశువుల్ని కట్టేవాళ్ళు వేసే ముడి నాది, దాన్ని తెలిసినవాడు గాని విప్పలేడు. తాన్సియోతో మాటలు మానేశాను.

యానో ఇవాళ రెండు గిన్నెల అన్నం తిన్నాడు. మునగాకు పులుసు ఇంకా ఉందా అని అడిగాడు. వర్షాలకి ఆకలి పెరుగుతుందంటారు.

సెప్టెంబర్ 2

స్టైలో గుబురు కట్టింది. పువ్వు కూడా వచ్చింది, చిన్న పసుప్పచ్చవి. ఎండ తగిలిందిగా. సరే, గడ్డి తగ్గడం మంచిదే అయింది. అది నేను కోసిన దాని వల్ల కూడా కావచ్చు.

సెప్టెంబర్ 6

ఇది నెమ్మదిగా రాయాలి.

పొద్దున్న సంతకి వెళ్తున్నానని గట్టిగా చెప్పి, తాన్సియోని పట్టుకుందామని చుట్టు తిరిగొచ్చి వాగు పక్క అరటిబోదెల వెనక కూర్చున్నాను. దోమలు. అరగంట గడిచింది. తాన్సియో రాలేదు. మా పెరటి తలుపు తెరుచుకుంది.

ముందు చంకకర్రలు వచ్చాయి, వెనకాల యానో వచ్చాడు. చొక్కా వేసుకున్నాడు. తలకి టోపీ కూడా పెట్టుకున్నాడు, పశువుల దగ్గరికి వెళ్ళేటప్పుడు పెట్టుకునేది. పెరటి గుమ్మం నుంచి అడ్డకర్రల దాకా నా అడుగులతో నూట అరవై. అతనివి లెక్కపెట్టలేదు. ఒక అడుగు, ఆగడం, ఒక తిట్టు. మళ్ళీ ఒక అడుగు.

వాగు దగ్గర కర్ర జారింది. పడ్డాడు. పక్కకి, చెయ్యి ఆన్చి, బురదలోకి. నేను సగం లేచాను. లేచి, మళ్ళీ కూర్చున్నాను. పరికిణీ అంచు నోట్లో కుక్కుకున్నాను. ఇప్పుడు నేను పరిగెత్తి లేపానంటే, చూశానని తెలిస్తే, మళ్ళీ మంచమెక్కుతాడు, ఇక దిగడు. నా ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఇంత కష్టమైన పని చెయ్యలేదు. పిల్లల్ని కనడం ఇంతకంటే తేలిక.

గుంజ పట్టుకుని లేచాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు. లేచి, ముందు టోపీ దులుపుకున్నాడు.

తర్వాత నా ముడి విప్పి, ఒక్కో కర్రా జరిపి, పక్కన పేర్చాడు. గొంతులోంచి ఆ పిలుపు పిలిచాడు, మంద తోలేవాళ్ళు పిలిచేది. ఏప్రిల్ నుంచి అది నేను వినలేదు. కొండమీంచి పదకొండూ తలలెత్తి దిగొచ్చాయి. వాటి మధ్య నిలబడి ఒకదాని వీపు మీద చెయ్యేసి ఏదో చెబుతున్నాడు. ముందున్న ఎర్రావు స్టైలో గుబురు మీదికి మూతి పెట్టింది, పక్కకి తిప్పింది, గడ్డి కొరికింది. నా కళ్ళతో చూశాను. ముసలాడు చెప్పింది నిజం.

ఎంత బుద్ధిహీనురాలిని. ఊళ్ళో అందర్నీ అనుమానించాను. నడవలేడని నమ్మింది అతనొక్కడే కాదు, నేనూ నమ్మేశాను.

చుట్టు తిరిగి, చప్పుడు చేసుకుంటూ, పాట పాడుకుంటూ ఇంటికొచ్చాను. మంచం మీద దుప్పటి మెడదాకా కప్పుకుని ఉన్నాడు.

"సంతలో ఏం తెచ్చావ్?"

ఏమీ తేలేదు. "చేపలు బాలేవు," అన్నాను. "ఎవడో మళ్ళీ అడ్డకర్రలు తీశాడు."

"తాన్సియో వెధవే అయ్యుంటాడు," అన్నాడు యానో.

వంటింట్లోకి వెళ్ళి నవ్వాను, ఏడ్చాను, పొయ్యి ఊదుతున్నట్టు చప్పుడు చేశాను.

సెప్టెంబర్ 7

తాన్సియోకి ఎండుచేపలు పంపించాను. ఎందుకో చెప్పలేదు. "క్షమించానని చెప్పు" అని అతనే కబురు పంపాడు. అంటే వీడికి చాప తడిసిననాడే తెలుసన్నమాట.

సెప్టెంబర్ 10

ఆలోచించాను. నేను సరైన పని చేస్తే యానో మంచం మీద పడుకుని సరే అంటాడు. నేను తప్పు పని చేస్తే ఆగలేక లేచొస్తాడు. అదీ మా కాపురం.

కర్రలు వేసి రెండు ముళ్ళు వేశాను. "ఈసారి క్రిస్మస్ దాకా ఒక్క గిట్ట పడనివ్వను," అని వినపడేలా ప్రకటించాను.

"పిచ్చిదానా," అన్నాడు. కళ్ళు మెరిశాయి.

సెప్టెంబర్ 12

తీశారు.

సెప్టెంబర్ 17

తీశారు. నేను బట్టలుతికేందుకు వెళ్ళి గంటలో వచ్చేసరికే. పోయినసారికంటే తొందరగా.

సెప్టెంబర్ 25

దగ్గరి అడ్డకర్రలకి ముళ్ళతీగ చుట్టేశాను. ఇక బీడులోకి పైవైపు దారి ఒక్కటే, అది వాలెక్కి వెళ్ళాలి. ముందు నేనే రెండుసార్లు ఎక్కి, రాళ్ళు ఏరిపారేసి, పట్టుకోవడానికి వీలుగా అక్కడక్కడా గుంజలు పాతాను. కంచె కోసం అని చెప్పాను. ఆ కంచెకి తీగ లేదు. అడగలేదు అతను.

సెప్టెంబర్ 28

పైదారి తీశారు. బురదలో ఒకే చంకకర్ర గుర్తు ఉంది. రెండోది ఇంట్లోనే వదిలేశాడు.

నేను ఆ గుర్తు పక్కన చాలాసేపు నిలబడ్డాను. చెరపబుద్ధి కాలేదు. సాయంత్రం వానకి అదే పోయింది.

అక్టోబర్ 4

రాత్రి నూనె రాస్తూ కాలు చూశాను. పిక్క గట్టిపడింది. ఏమీ ఎరగనట్టు "వాపు తగ్గింది" అన్నాను. "నీ నూనె మహిమ," అన్నాడు. ఇద్దరం దొంగలమే.

అక్టోబర్ 12

వానలు వెనకబట్టాయి. ఇవాళ వాలు మీంచి చూస్తే బీడు సగానికి సగం స్టైలోనే, నడుం ఎత్తున, పశువులు దాన్ని ఒరుసుకుంటూ గడ్డి వెతుక్కుంటున్నాయి. ఎండాకాలానికి ఇది చాలు. ఈసారి ఒక్కటీ పడదు.

భోజనాలయ్యాక గిన్నెలు తీస్తుంటే యానో అన్నాడు: "నువ్వు కావాలనే మూస్తున్నావు కదే."

నేను గిన్నె కిందపెట్టాను. "ఎప్పట్నుంచి తెలుసు?"

"చేపలు బాలేవన్న రోజు. ముప్పైనాలుగేళ్ళలో సంత నుంచి ఉత్త చేతులతో రావడం ఎప్పుడు చూశాను నిన్ను? పైగా ఒళ్ళంతా దోమకాట్లు."

"అయితే పడ్డప్పుడు నేనక్కడే ఉన్నానని..."

"తెలిసింది, తర్వాత." కోగాన్ గీరిన నా చేతిని పట్టుకుని తిప్పి చూశాడు. "నువ్వు రాకుండా కూర్చున్నావ్. అందుకే మళ్ళీ లేచాను ఓనీ. నేను లేస్తానని ఒక్కరికైనా నమ్మకం ఉందని."

నిజానికి ఆ పూట నాకు నమ్మకం లేదు, భయమే. అది ఇక్కడ రాసుకుంటాను, అతనికి చెప్పను.

కాసేపటికి అడిగాడు: "మరి రేపెక్కడ మూస్తావ్?"

"కొండ అవతల బీడు. అక్కడా విత్తనం చల్లాలనుకుంటున్నాను. ముందు గడ్డి మేపాలి."

"అంత దూరమా?"

"అంత దూరమే."

ఆలోచించాడు. కాలు చాపి, మడిచి, మళ్ళీ చాపాడు.

"సరే, పొద్దున్నే మూసెయ్," అన్నాడు. "ఎండెక్కితే నడవలేను."